మెడ మీది ఏడో మేకు

కడలి నడుమ పాముపడకపై శయనించి
లోకములను కాచు లోకభర్త!
కొండయంచు నడచు కోపాంధు లిరువుర
జారకుండ చేయి జాపి పట్టు.

ఆ స్వామి పాదాలు తలచుకొని మొదలుపెడుతున్న కథ ఇది. ఇందులో నెత్తురు ఎక్కువ, నెమ్మది తక్కువ. వినేవారు గుండె దిటవు చేసుకొని వినాలి.

సముద్రానికి ఆనుకొని నిటారుగా లేచిన కొండ ఒకటి ఉంది. దాని వెన్ను మీదుగా ఒక కాలిబాట పోతుంది. ఎడమచేతి వైపు రాతిగోడ, కుడిచేతి వైపు శూన్యం, ఆ శూన్యానికి అడుగున కడలి. పైనుంచి ఆ నీళ్ళను చూడాలని ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఎక్కేటప్పుడు ఆయాసం, చూసేటప్పుడు ఆనందం, దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పి. పేదకైనా ధనికుడికైనా ఆ మూడింటిలో తేడా ఉండదు.

ఆ బాటకు కాపరి ఒకడున్నాడు. వయసు యాభైకి దగ్గర. కొండ మీద మేకలా నడుస్తాడని అతని భార్య తమ్ముడు ఒకప్పుడు "మేకబావ" అని పేరు పెడితే, ఊరంతా ఆ పిలుపే అందుకుంది. బాట మొదట్లో ఉన్న చెక్కగది అతని కార్యాలయం. గోడకు చుట్టలు చుట్టలుగా తాళ్ళు, మూలన మందుల పెట్టె, కిటికీ దగ్గర గాలి వేగం చూపే ముల్లు, ఒక బల్ల, రెండు కుర్చీలు. గది బయట ఒక పలక వేలాడుతుంది. దానికి ఒకవైపు ఎరుపు, మరొకవైపు పచ్చ. తెల్లవారగానే కాపరి చిన్న సుత్తి తీసుకొని కొండ ఎక్కి, నడిచేవారు పట్టుకొనే గొలుసును మోస్తూ రాతిలో దిగి ఉన్న ఇనుప మేకులను ఒక్కొక్కటిగా కొట్టి చెవి ఒగ్గి వింటాడు. ఖంగున మోగితే మేకు గట్టిది. మొద్దుగా పలికితే లోపల ఏదో చెడింది. అన్నీ మోగిన తరువాత దిగివచ్చి పలకను పచ్చవైపు తిప్పుతాడు. అందాకా ఎంతటివారైనా కింద నిలబడవలసిందే.

ఆనాటి ఉదయం అతడు సుత్తి చేతిలోకి తీసుకునే వేళకు గుమ్మంలో మనిషి నీడ పడింది. చూస్తే బావమరిది. రాతిపని మేస్త్రి. ఏడాదిగా మాటలు లేవు, రాకపోకలు లేవు. చేతిలో రాళ్ళు పగలగొట్టే పెద్ద సుత్తి ఉంది.

"చెప్పాపెట్టకుండా వచ్చావేంరా? కూర్చో. టీ పెడతాను."

"నీ ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టను. ఒక మాట అడిగి పోదామని వచ్చాను." మేస్త్రి లోపలికి వచ్చి తలుపు మూశాడు. "మొన్న ఒక పెద్దావిడ వాళ్ళాయన పేరు రాతి మీద చెక్కించుకుందామని వచ్చింది. మాటల్లో తేలింది, అక్క పోయిన రోజు కొండ మీద ఆమె వెనకాలే నడిచింది ఆవిడే."

కాపరి చేతిలోని చిన్న సుత్తిని నడుములో దోపుకున్నాడు.

"పైన బాట ఇరుకయ్యే మెడ దగ్గర గొలుసు కొక్కెం మేకుకు తగిలించడం మరిచాననీ, అందుకే అక్క పడిందనీ విచారణలో చెప్పావా లేదా?"

"చెప్పాను."

"కొక్కెం తగిలించే ఉందట. ఆవిడే రెండుసార్లు లాగి చూసిందట. మరి అబద్ధం ఎందుకాడావు బావా? మరిచిపోయానని ఒప్పుకుంటే ఉద్యోగంలో ఒక మాట పడటంతో సరిపోతుంది. దాన్ని అడ్డం పెట్టుకుని ఏం దాచావు?"

 కాపరి దాచినది నిజంగానే ఉంది.

మూడేళ్ళ కిందట మెడ మీద ఎనిమిది మేకులు కొత్తగా దిగ్గొట్టింది ఈ మేస్త్రే. మెడ అంటే బాట సన్నబడి రెండడుగుల వెడల్పు మాత్రమే మిగిలే చోటు. రాతిలో రంధ్రం తొలిచి, మేకు నిలిపి, చుట్టూ సిమెంటు గచ్చు కూరాలి. గచ్చుకు మంచినీళ్ళు కావాలి. కింది నుంచి మోసుకొచ్చిన డబ్బా మెడ చేరేసరికి ఖాళీ అయింది. పక్కనే రాతిగుంటలో తేటగా నీళ్ళున్నాయి. కలపబోయే నీటిని పుక్కిట పట్టి రుచి చూసి ఉమ్మడం మేస్త్రీల పద్ధతి. అతడు ఆనాడూ చూశాడు. అయితే పంటినొప్పికి పూసుకున్న మందుతో నోరు మొద్దుబారి ఉంది. "వాననీళ్ళే బావా, తియ్యగా ఉన్నాయి" అన్నాడు. ఉబ్బిన అతని బుగ్గ చూసి బావ పడీ పడీ నవ్వాడు. తుఫాను రోజుల్లో అలల తుంపర అంత ఎత్తుకూ ఎగురుతుందని ఆ కొండ మీద తెలిసిన మనిషి ఒక్క కాపరే. నవ్వులో పడి అతనికీ ఆ సంగతి తోచలేదు.

ఉప్పు గచ్చులో కూర్చొని ఇనుమును లోలోపల తిన్నది. తుప్పు ఉబ్బి మేకును మరింత బిగించింది గనుక రోజూ ఉదయం అది ఖంగుమనే మోగింది. ఆ రోజు కూడా మోగింది. గుంపును నడిపిస్తున్న కాపరి భార్య వెనకవాళ్ళకు దారి ఇవ్వడానికి ఏడో మేకు దగ్గర గొలుసు మీదికి ఒరిగింది. మేకు రెండుగా విరిగింది. కింద రాతిచట్టు మీద పడి ఉన్న ఆమెను కాపరి చేరేసరికి ఇంకా ప్రాణం ఉంది. గచ్చుముక్క అంటుకొని ఉన్న మేకుముక్క ఆమె పిడికిట్లోనే ఉంది. ఉప్పు తెల్లగా పూసిన ఆ గచ్చును ఆమె చూసింది. తల్లి పోయిన తమ్ముణ్ణి ఒళ్ళో పెట్టుకొని పెంచినది ఆమే. "వాడికి చెప్పకు. బతకడు" అన్నది. అంతే.

కాపరి మేకుముక్కను సముద్రంలోకి విసిరి, నేరం తన నెత్తిన వేసుకున్నాడు.

"అడుగుతుంటే బెల్లం కొట్టిన రాయిలా నిలబడతావేం?" మేస్త్రి అరచేయి కాపరి చెంప మీద పేలింది. రెండో దెబ్బకు బల్ల ఒరిగి గాజుగ్లాసులు నేల మీద భళ్ళున పగిలాయి. కాపరి లేవబోతే పొట్టలో మోకాలు దిగింది.

"కొట్టుకోరా. తప్పు నాదే అన్నానుగా."

"ఏ తప్పో అది చెప్పు! మరపా, తోయడమా? పద పైకి. అక్క పడ్డ చోట నిలబడి చెబుదువుగాని. అబద్ధమాడితే ఆ దారినే నువ్వూ పోతావు."

కాపరి అలవాటు చొప్పున గోడ మీది తాడుచుట్ట భుజానికి తగిలించుకున్నాడు. పలక ఎరుపు చూపుతూనే ఉంది. ఇద్దరూ ఎక్కసాగారు.

మూడు వందల మెట్లు, ఆపైన రాళ్ళగుట్ట. అడుగడుగునా వెనక నుంచి సుత్తికర్ర వీపులో పొడుస్తూనే ఉంది. ఉదయపు ఎండలో కడలి కంచుపళ్ళెంలా మెరుస్తున్నది. తెల్లని పక్షులు వాళ్ళ కాళ్ళకన్న దిగువన ఎగురుతున్నాయి. ఆ అందం కోసం మనుషులు సెలవులు పెట్టి వస్తారు. ఆ ఇద్దరిలో ఒక్కడూ తల తిప్పి చూడలేదు.

"నడవవయ్యా మేకబావా! నడుస్తావనేగా ఆ పేరు పెట్టింది. మా అక్కను నీ చేతిలో పెట్టిన రోజున ఊరంతా చాటుకొని మురిసిపోయాను, మా బావ బంగారమని. నా నోట్లో మట్టి పడ!"

"ఊపిరి పీల్చుకోరా. ఇంకా సగం కూడా ఎక్కలేదు."

"నా ఊపిరి సంగతి నీకెందుకు?" అంటూ మేస్త్రి కాలెత్తి తన్నాడు. కాపరి మెట్టు అంచు మీద బోర్లా పడ్డాడు. ముందుపన్ను ఒకటి ఊడి అరచేతిలోకి వచ్చింది. దానిని ఒక క్షణం చూసి, జేబులో వేసుకొని, నెత్తురు ఉమ్మి లేచాడు. అరిస్తే పిలుపు వినడానికి ఎవరూ లేరు. తిరగబడితే ఇరుకు బాటలో ఇద్దరిలో ఒకడు పోతాడు. అన్నిటికన్న పెద్ద భయం మరొకటి ఉంది. దెబ్బలకు తాళలేక నోరు జారితే, చనిపోతూ ఆమె కోరిన ఒకే ఒక కోరిక మట్టిలో కలుస్తుంది. అందుకని అతడు పళ్ళు బిగబట్టి నడిచాడు, ఉన్న పళ్ళతోనే.

మెడ మొదలయ్యే చోట మేస్త్రి హఠాత్తుగా ఆగాడు. గోడలోని మొదటి మేకు మీద చెయ్యి వేశాడు. గచ్చు అంచును బొటనవేలితో రుద్దాడు.

"ఇది నా పని కాదు."

కాపరి నోటి నెత్తురు తుడుచుకున్నాడు.

"గచ్చు అంచు కుక్క కొరికినట్టుంది. మేకు వంకర. నా చేత్తో ఇంత దరిద్రంగా ఎప్పుడూ పెట్టలేదు." రెండో మేకు, మూడోది, నాలుగోది తడుముకుంటూ పోయాడు. "అన్నీ మార్చారు. ఎవడు మార్చాడు?"

"నేనే."

"ఎప్పుడు?"

"మీ అక్క చనిపోయిన నెలలోనే. ఒక్కణ్ణే."

"అదీ సంగతి!" మేస్త్రి కళ్ళు ఎర్రబడ్డాయి. "నా మేకులు దిట్టంగా ఉన్నాయి కాబట్టి పీకేశావు. మేకు ఉంటే, మనిషి దానంతట అది ఎలా పడిందని అడుగుతారు కాబట్టి పీకేశావు. సాక్ష్యం లేకుండా చేశావు కదరా నరహంతకా!"

సుత్తి లేచింది. కాపరి ఎడమచెయ్యి అడ్డం పెట్టాడు. మోచేతికి దిగువన ఎండుకట్టె విరిగినట్టు చప్పుడయింది. అతని కేక గోడకు తగిలి, సముద్రం మీదికి పోయింది. కింది పక్షులు ఒక్కసారిగా లేచాయి.

మేస్త్రి అతని చొక్కా మెడపట్టీ పట్టుకొని ఏడో మేకు దాకా ఈడ్చాడు. అంచున నిలబెట్టి వెనక్కి వంచాడు. కాపరి మడమలు గాలిలో ఉన్నాయి, మునివేళ్ళు మాత్రం రాతి మీద ఉన్నాయి. అడుగున, చాలా అడుగున, నల్లని చట్టు మీద అలలు తెల్లగా పగులుతున్నాయి.

"ఆఖరిసారి అడుగుతున్నాను. అక్క ఎలా పడింది?"

కాపరి కళ్ళు మూసుకున్నాడు. చెప్పేందుకు ఇక ఒక్క మాటే మిగిలింది.

"నేనే తోశాను."

మొన్నటి నుంచి వినాలనుకొన్న మాటే. విన్నాక మేస్త్రి మెడపట్టీని ఇంకా బిగించి పట్టాడు. "ఎందుకు?"

"కోపం వచ్చింది."

"ఎందుకొచ్చింది?"

"గుర్తులేదు."

"ఏ చేత్తో తోశావు?"

"కుడి... కాదు, రెండు చేతులతో."

"వెనక పెద్దావిడ ఉండగానా? గుంపులో ఆరుగురు చూస్తుండగానా?" మేస్త్రి అతణ్ణి ఊపేశాడు. "చావుబతుకుల్లో కూడా సరిగ్గా ఒక అబద్ధం ఆడలేవా? ఎవరిని కాపాడుతున్నావు? చెప్పరా!" అని అతణ్ణి లోపలికి లాగి గోడకేసి కొట్టాడు. కాపరి తల రాతికి తగిలి, నెత్తురు చారికలా దిగింది. కాళ్ళు మడతపడి కూలబడిపోయాడు.

అతడు కూలిన చోట, క్షణం కిందట అతని వీపు కప్పిన చోట, గోడలో ఒక రంధ్రం కనబడింది. కొత్త ఏడో మేకు దానికి జానెడు దూరంలో ఉంది. మిగిలిన ఏడు రంధ్రాలను కాపరి తొలిచి శుభ్రంచేసి మళ్ళీ వాడుకున్నాడు. ఈ ఒక్కదానిని మాత్రం ముట్టలేకపోయాడు. ఎన్నిసార్లు ఉలి తెచ్చినా చెయ్యి ఆడలేదు.

మేస్త్రి వంగి చూశాడు. రంధ్రపు గుండ్రన తన చేతి పనే. లోపల పాత గచ్చు ఇంకా అంటుకొని ఉన్నది. ఆ గచ్చు నిండా తెల్లని పూత, మధ్యలో ఎర్రని తుప్పుపొడి, విరిగిన మేకు మొదలు. వేలు లోపల పెట్టి గీకాడు. ముప్పై ఏళ్ళ అలవాటు. ఆలోచన కన్న ముందే వేలు నాలుక మీదికి పోయింది.

ఉప్పు తగిలింది. గాలి గొలుసును గోడకు తాటిస్తున్నది.

"ఆ రోజు నాకు పంటినొప్పి" అన్నాడు మేస్త్రి.  "మందు రాసుకున్నాను. నువ్వు నవ్వావు."

"అవున్రా. నేనూ రుచి చూడలేదు. తుంపర అక్కడిదాకా వస్తుందని తెలిసినవాణ్ణి నేను. తప్పు..."

"అక్కకి తెలుసా?"

కాపరి బదులు చెప్పక తప్పలేదు. "తెలుసు. నీకు చెప్పొద్దంది. నేను చెప్పలేదు."

మేస్త్రి తన చేతుల వంక చూసుకున్నాడు. పెద్ద సుత్తి జారి, అంచున ఒకసారి ఎగిరి, కిందికి పోయింది. నీళ్ళ చప్పుడు వినబడడానికి చాలాసేపు పట్టింది. ఆ చప్పుడు విని, దానినే అనుసరించేవాడిలా, మేస్త్రి అంచు వైపు నడిచాడు.

కాపరి పడుకున్న చోటి నుంచే అతని చీలమండ పట్టుకున్నాడు.

"వదులు బావా."

"వదలను."

"వదలరా!" ఆ కాలితోనే మేస్త్రి అతని ముఖం మీద తన్నాడు. కాపరి ముక్కు చిట్లింది. పట్టు వదలలేదు. విరిగిన చెయ్యి కింద నలుగుతుండగా మోకాళ్ళ మీద పాకి, రెండో కాలిని పళ్ళతో పట్టి, కండ తెగేలా కొరికాడు. మేస్త్రి కెవ్వున అరిచి తూలాడు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి ఆ రెండడుగుల బాట మీద దొర్లారు. మేస్త్రి భుజం ఒకటి అంచు దాటి గాలిలోకి పోయింది. అతడు ఇంకా అటే జరుగుతున్నాడు.

"నా చేతులు దాన్ని చంపాయి! నన్ను పోనీ!"

"నోరు ముయ్యి!"

ఇందాకటి నుంచి ఒక్క దెబ్బ కూడా తిరిగి కొట్టని మనిషి అప్పుడు కొట్టాడు. నెత్తితో అతని నుదురు మీద పొడిచాడు. చేతికి అందిన రాయి తీసుకొని భుజం కీలు మీద బాదాడు. మేస్త్రి లేవబోతే మళ్ళీ బాదాడు. ప్రాణం తీయడానికి ఎంత బలం కావాలో, ఆ ప్రాణం నిలపడానికీ అంత బలమూ కావలసివచ్చింది. మూడో దెబ్బ చెవి పైన తగిలింది. మేస్త్రి కళ్ళు తేలిపోయి, ఒళ్ళు సడలింది. కాపరి అతణ్ణి చొక్కా పట్టి గోడ దగ్గరకు లాగి, రొమ్ము మీద కూర్చున్నాడు. అప్పుడు ఏడ్చాడు. ఏడుస్తూనే భుజాన ఉన్న తాడుచుట్ట దింపి, ఒక్క చేత్తో, పళ్ళతో ముడి బిగిస్తూ, మేస్త్రి నడుముకు కట్టాడు. రెండో కొస తన నడుముకు కట్టుకున్నాడు.

కొంతసేపటికి మేస్త్రి కళ్ళు తెరిచాడు.

"ఏం చేశావు?"

"చూసుకో."

అతడు తడిమి చూసుకున్నాడు. "విప్పు."

"ఒక్క చేత్తో కట్టాను, విప్పడం నా వల్ల కాదు. నువ్వు విప్పుకో. నా దమ్ము పోయింది, ఇక నిన్ను ఆపలేను. ఇప్పుడు దూకితే ఇద్దరం పోతాం. పోదామంటే పోదాం. దిగుదామంటే దిగుదాం. ఏదో ఒకటి తొందరగా చెప్పు, చెయ్యి చచ్చేట్టు నొప్పెడుతోంది."

మేస్త్రి చాలాసేపు ముడి మీద వేళ్ళు పెట్టుకొని కూర్చున్నాడు. ఎండ పైకి వచ్చింది. ముడి మొదటి మెలిక వదులు చేశాడు. కాపరి చూస్తూనే ఉన్నాడు గాని చెయ్యి చాపలేదు. తరువాత మేస్త్రి చూపు బావ చేతి మీద పడింది. మోచేతి దిగువన అది తిరగకూడని వైపు తిరిగి, నల్లగా ఉబ్బి ఉన్నది.

"ఎముక విరిగింది" అన్నాడు.

"విరగ్గొట్టినవాడివి నువ్వు చెప్పాలా?"

మేస్త్రి ముడిని మళ్ళీ బిగించాడు. తన చొక్కా విప్పి చించాడు. తన సుత్తి పోయింది గనుక, పెనుగులాటలో జారిపడ్డ కాపరి చిన్న సుత్తిని వెతికి తెచ్చి, దాని కర్రను విరిగిన ఎముకకు ఆనించి, పేలికలతో కట్టాడు. కడుతున్నంతసేపూ అతని ఏడుపు ఆగలేదు. చేతులు మాత్రం వణకలేదు.

"గట్టిగా బిగించకురా, చంపేస్తావు."

"కదలకు. కదిలితే వంకరగా అతుక్కుంటుంది, నీ మేకుల్లాగా."

కాపరి నవ్వబోయి, పగిలిన పెదవి నొప్పికి ఆగిపోయాడు.

దిగేటప్పుడు మేస్త్రి ముందు నడిచాడు. గొలుసును ఒక చేత్తో పట్టుకొని, మేకు మేకు దగ్గరా ఆగి, తన బరువంతా మోపి చూసి, ఆపైన బావను అడుగు వెయ్యమన్నాడు. మధ్యలో తాడు బిగిసినప్పుడల్లా వెనుతిరిగి చూశాడు. మాటలు మరేమీ లేవు. మెట్ల దగ్గరకు వచ్చేసరికి కింద పదిమంది నిలబడి ఉన్నారు, సంచులు తగిలించుకొని, టోపీలు పెట్టుకొని. నెత్తుటితో తడిసిన ఇద్దరు మనుషులు ఒకే తాటికి కట్టుకొని దిగుతుంటే వాళ్ళ నోళ్ళు తెరుచుకునే ఉండిపోయాయి.

"ఏమైందండీ? పడ్డారా?" అన్నాడొకాయన.

"ఆ, పడ్డాం" అన్నాడు కాపరి.

"దారి ఎప్పుడు తెరుస్తారు?"

కాపరి బావమరిది వంక చూశాడు. మేస్త్రి పైకి, మెడ వైపు చూశాడు. "మెడ మీద ఎనిమిది మేకులు తీసి మళ్ళీ పెట్టాలి. నాలుగు రోజులు పడుతుంది" అన్నాడు. "మంచినీళ్ళు కింది నుంచి మోసుకెళ్ళాలి."

విన్నవారందరికీ ఆ శ్రీహరి దీర్ఘాయువు ఇచ్చుగాక. కోపం వచ్చిన వేళ చేతులకు బరువు, నిజం తెలిసిన వేళ మనసుకు ఓర్పు కలుగుగాక. చేసిన తప్పు ఎంతటిదైనా, దానిని మోస్తూ బతికేవారి పక్కన ఒక మనిషి తోడుండుగాక. స్వస్తి.